నొప్పి ఫిల్ముకెక్కదు

నడుం పట్టేసిందని ఇంట్లో అన్నామా, మూడో రోజుకల్లా నలుగురు చేరి ఒకటే మాట: "ఓ ఎమ్మారై తీయించేస్తే పోలా? ఏముందో తేలిపోతుంది." అనేది బావమరిది కావచ్చు, పక్కవాటాలో ఆయన కావచ్చు, మందుల షాపు కుర్రాడు కావచ్చు. ఈమధ్య చొక్కా పైకెత్తి చూడకముందే డాక్టర్లే అంటున్నారు. వినడానికి ఇంగితంగానే ఉన్న ఈ సలహా కింద మూడు నమ్మకాలున్నాయి. నొప్పికి కారణం ఫిల్ములో కనబడుతుందని ఒకటి. ఫిల్ములో కనబడిందే నొప్పికి కారణమని ఇంకొకటి. ఏమీ తేలకపోయినా పోయేదేముంది, రేడియేషన్ లేని పరీక్షే కదా అని మూడోది. మామూలు నడుం నొప్పి విషయంలో ఈ మూడూ తప్పే.

నా తగువు యంత్రంతో కాదు. వెన్నుపాము మీద గడ్డ పెరుగుతున్నా, పూసల మధ్య క్షయ చీము పడుతున్నా దాన్ని మించిన కన్ను ఇంకా రాలేదు. దాని వెనకున్న పనికి 2003లో పాల్ లాటర్‌బర్‌కీ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కీ నోబెల్ ఊరికే ఇవ్వలేదు. తగువల్లా, దేనికోసం వెతుకుతున్నామో తెలియకుండా మనిషిని ఆ సొరంగంలోకి తోయడంతోనే.

1994లో అమెరికాలో కొందరు వైద్యులు ఒక చిలిపి పని చేశారు. నడుం నొప్పి లేని 98 మందిని పిలిచి నడుముకు ఎమ్మారై తీశారు. చదివే రేడియాలజిస్టులకు ఆ సంగతి చెప్పలేదు. పసిగట్టకుండా ఉండేందుకు నొప్పి ఉన్నవాళ్ళ స్కాన్లు కూడా కొన్ని కలిపేశారు. ఏ బాధా లేని ఆ 98 మందిలో 52 శాతానికి కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉందని తేలింది. 27 శాతానికి ఏకంగా పొడుచుకొచ్చింది. అన్ని డిస్కులూ శుభ్రంగా ఉన్నవాళ్ళు 36 శాతమే. ఇది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయి ముప్పయ్యేళ్ళు దాటింది. మన వీధి దాకా మాత్రం ఇంకా రాలేదు.

98 మంది ఏం లెక్క అంటారేమో. 2015లో ఇలాంటి 33 అధ్యయనాలను ఒకచోట చేర్చారు. మొత్తం 3,110 మంది, ఒక్కరికీ నొప్పి లేదు. ఇరవయ్యేళ్ళ వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. ఎనభైకి వచ్చేసరికి అది 96 శాతం. డిస్కు ఉబ్బు ఇరవయ్యేళ్ళవాళ్ళలో 30 శాతం, యాభైలో 60, ఎనభైలో 84. అంటే యాభై దాటిన మనిషి స్కాన్‌లో ఉబ్బు కనబడటం కన్నా కనబడకపోవడమే కాస్త వింత. ఆ యాభయ్యేళ్ళాయన నిన్న గ్యాస్ బండ ఎత్తబోయి నడుం పట్టేసుకుని ఇవాళ స్కాన్‌కి వెళ్తే, పదేళ్ళనుంచీ నోరు మూసుకుని ఉన్న ఆ ఉబ్బు మీదే నేరం పడుతుంది.

ఊళ్ళో దొంగతనం జరిగిన మర్నాడు అందరినీ రచ్చబండ దగ్గర నిలబెట్టి ఫొటో తీశారనుకోండి. ఫొటో దివ్యంగా వస్తుంది. ఎవరి ముక్కు వంకరో, ఎవరి చొక్కాకి బొత్తాం లేదో అన్నీ తెలుస్తాయి, దొంగెవరో తప్ప. అయినా ఒకడి వాలకం బాగా లేదని పట్టుకుని కట్టేయడమే నడుం నొప్పి వైద్యంలో చాలాచోట్ల జరుగుతోంది.

ఇక రిపోర్టు సంగతి. అసలు భయం మొదలయ్యేది అక్కడే. స్కాన్ సెంటరు వాళ్ళిచ్చే ఆ పెద్ద కవర్లోంచి ఫిల్ములు పక్కనపెట్టి కాగితం తీయండి. తరచూ కనబడే వాక్యం ఇది: "ఎల్4-ఎల్5 డిఫ్యూజ్ డిస్క్ బల్జ్ ఇండెంటింగ్ ద థీకల్ శాక్ విత్ మైల్డ్ బైలాటరల్ న్యూరల్ ఫొరామినల్ నారోయింగ్." చదువుతుంటేనే కాళ్ళు చల్లబడతాయి. విడదీసి చూడండి. ఎల్4-ఎల్5 అంటే నాలుగో, ఐదో నడుం పూసల మధ్య చోటు. బల్జ్ అంటే డిస్కు అంచు పూస అంచు దాటి చుట్టూ కాస్త ఉబ్బింది. థీకల్ శాక్ నరాలను చుట్టి ఉన్న సంచి, లోపల నీరుంటుంది. ఇండెంటింగ్ అంటే ఉబ్బు ఆ సంచికి ఆనింది, అక్కడ చిన్న నొక్కు పడింది. సంచిలోని నరాలకు పక్కకి తప్పుకునే చోటుంటుంది. ఫొరామెన్ అంటే నరం బయటికొచ్చే కంత. అది రెండువైపులా కొద్దిగా ఇరుకైంది. ఇంత పొడుగు వాక్యానికి చాలాసార్లు అర్థం ఒక్కటే: ఇది నలభై దాటిన మనిషి నడుము.

ఇంటికొచ్చేసరికి ఈ వాక్యం "నరం నొక్కుకుపోయింది" అవుతుంది. రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో డాలస్‌లోని మేనల్లుడికి వెళ్తుంది. సాయంత్రానికి వియ్యాలవారి దాకా పాకి "ఆపరేషన్ చేయకపోతే కాళ్ళు పడిపోతాయట" దగ్గర ఆగుతుంది. ఆ భయానికి ఆధారం ఎంతుందో చూద్దాం. వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుం పైభాగంలోనే, మొదటి రెండు నడుం పూసల దగ్గర ముగిసిపోతుంది. ఎల్4-ఎల్5 దగ్గర ఉండేవి విడివిడి నరాల పాయలు. అక్కడి ఉబ్బు వెన్నుపామును నొక్కలేదు, నొక్కడానికి అక్కడ వెన్నుపామే లేదు. పెద్ద డిస్కు ముక్క ఊడి ఆ నరాల పాయలన్నిటినీ ఒకేసారి అదిమేసే ప్రమాదం ఉన్నమాట నిజమే. అది అరుదు, దాని లక్షణాలు వేరు. వాటి సంగతికి వస్తాను. మామూలు ఉబ్బు చూపించి కాళ్ళు పడిపోతాయనడం మాత్రం బెదిరింపే.

ఇంకో రెండు మాటలు చూడండి. "లాస్ ఆఫ్ లంబార్ లార్డోసిస్", అంటే నడుం వంపు తగ్గిందని. స్కాన్ బల్ల మీద మనల్ని వెల్లకిలా పడుకోబెట్టి, సుఖంగా ఉంటుందని మోకాళ్ళ కింద దిండు పెడతారు. అలా పెడితే వంపు కొంత సాపవుతుంది. దిండు పెట్టింది వాళ్ళే, వంపు తగ్గిందని రాసేదీ వాళ్ళే! రెండోది "వర్టెబ్రల్ హెమాంజియోమా". పూసలో రక్తనాళాల ముద్ద, దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు జీవితాంతం దాని జోలికి మనమూ పోనక్కర్లేదు, మన జోలికి అదీ రాదు. "ఓమా" అన్న తోక చూసి క్యాన్సరేమోనని నిద్ర మానుకునేవాళ్ళు ఎందరో. నడుముకు తీస్తూ "హోల్ స్పైన్ స్క్రీనింగ్ కూడా వేసేస్తాం, పెద్ద తేడా ఉండదు" అని కౌంటర్లో అంటే మురిసిపోకండి. వెతికే చోటు పెరిగినకొద్దీ ఇలాంటి అక్కర్లేని సరుకు కూడా పెరుగుతుంది.

పోనీ రిపోర్టయినా స్థిరమైన మాటా? 2017లో ఒక అమెరికన్ జర్నల్లో వచ్చిన ప్రయోగం చెబుతాను. నడుం నొప్పి, కుడికాల్లోకి లాగడం ఉన్న 63 ఏళ్ళ ఆవిడ మూడు వారాల్లో పది వేర్వేరు సెంటర్లలో ఎమ్మారై తీయించుకున్నారు. అదే నడుము, అవే పూసలు. పది రిపోర్టులూ కలిపి 49 వేర్వేరు లోపాలు రాశాయి. పదింటిలోనూ ఉన్న లోపం ఒక్కటంటే ఒక్కటీ లేదు. దాదాపు మూడోవంతు లోపాలు ఒకే ఒక్క రిపోర్టులో కనబడ్డాయి, మిగతా తొమ్మిదింటిలో వాటి ఊసే లేదు. "సెకండ్ ఒపీనియన్ కోసం ఇంకోచోట తీయించాం, అక్కడ రెండు డిస్కులన్నారు, ఇక్కడ మూడన్నారు" అని వాపోయేవాళ్ళు ఇది గమనించాలి. మళ్ళీ తీయించడం వల్ల నడుం సంగతి తేలదు. చేతిలో ఇంకో రిపోర్టు చేరుతుందంతే.

ఇప్పుడు "పోయేదేముంది" అనేవాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళ వాదనలో బలముంది, కాదనను. ఎక్స్‌రే, సీటీలలాగా ఇందులో రేడియేషన్ లేదు. ఏముందో తెలిస్తే మనసు కుదుటపడుతుంది కదా అంటారు. దీని మీద పరీక్షలు జరిగాయి. 2003లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనంలో 380 మంది నడుం నొప్పి రోగులను చీట్లేసినట్టు రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఎక్స్‌రే, రెండో భాగానికి ఎమ్మారై తీశారు. ఏడాది తర్వాత ఎవరు ఎంత తిరగగలుగుతున్నారని చూస్తే రెండూ ఒకటే. ఎమ్మారై వాళ్ళకు కొంత ఊరట దక్కిన మాట నిజమే. ఆపరేషన్లు మాత్రం ఎక్స్‌రే వాళ్ళలో 4, ఎమ్మారై వాళ్ళలో 10. అంత చిన్న లెక్క మీద గట్టిగా వాదించకూడదు. కానీ 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇలాంటి ఆరు ప్రయోగాలు, 1,800 మందికి పైగా రోగులను కలిపి చూసినా అదే తేలింది: ప్రమాద సూచనలు లేనివాళ్ళకు వెంటనే స్కానో ఎక్స్‌రేనో తీయడం వల్ల నొప్పి ముందుగా తగ్గలేదు, పని సామర్థ్యమూ పెరగలేదు.

నష్టం మాటకొస్తే మన పక్కనే ఉన్న కోయంబత్తూరుకు వెళ్ళాలి. గంగా హాస్పిటల్‌లో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం చేసిన పరీక్ష 2021లో యూరోపియన్ స్పైన్ జర్నల్‌లో వచ్చింది. మామూలు నడుం నొప్పితో వచ్చిన 44 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు స్కాన్‌లో ఉన్నవన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. రెండో గుంపుకు "మీ స్కాన్ బాగానే ఉంది, కనబడేవి వయసుతో వచ్చే మార్పులే" అన్నారు. వైద్యం రెండు గుంపులకూ ఒకలాంటిదే. ఆరు వారాలకు మొదటి గుంపు వెనకబడింది. నొప్పి తక్కువగా తగ్గింది, పనులు చేసుకునే సత్తువ తక్కువ, తమ వెన్ను గురించి భయం ఎక్కువ. తేడా అల్లా వినిపించిన మాటల్లోనే ఉంది. మాటల్తో మనిషిని మంచాన పడేయొచ్చని మనకు తెలియంది కాదు. దాన్ని రుజువు చేసినవాళ్ళు మరెవరో కాదు, రోజూ వెన్నుకు కత్తిపెట్టే సర్జన్లే.

ఈ భయం ఇంట్లో ఎలా పనిచేస్తుందో చూడండి. "డిస్కు ప్రాబ్లం" అన్న ముద్ర పడ్డ మనిషి వంగడు. బిందె ఎత్తడు, మనవణ్ణి చంకనేసుకోడు. నడుముకు బెల్టు కడతాడు, నెలలు గడిచినా తీయడు. నడవాల్సిన మనిషి నడక మానేస్తాడు. వాడకపోయేసరికి కండరాలు సన్నబడి నిజంగానే నొప్పి ముదురుతుంది. "చూశారా, స్కాన్‌లో ముందే చెప్పారు" అంటారు ఇంటిల్లిపాదీ.

నయమైందా లేదా అన్నది కూడా ఫిల్ము చెప్పలేదు. డిస్కు వల్ల కాల్లోకి లాగే నొప్పి, అంటే సయాటికా వచ్చినవాళ్ళకు నెదర్లాండ్స్‌లో ఏడాది తర్వాత మళ్ళీ స్కాన్ తీశారు. బాగా కోలుకున్నవాళ్ళలో 35 శాతానికి డిస్కు ఇంకా బయటే ఉంది. కోలుకోనివాళ్ళలో 33 శాతానికి ఉంది. ఆ స్కాన్లు చూపించి ఎవరు బాగయ్యారో చెప్పమంటే బొమ్మాబొరుసూ వేసుకోవాల్సిందే. పైగా బయటికొచ్చిన డిస్కు ముక్కను శరీరం తనే కరిగించుకోవడం చాలా మామూలు సంగతి. విచిత్రమేమిటంటే చిన్న ఉబ్బుల కన్నా, పూర్తిగా తెగి బయటపడ్డ పెద్ద ముక్కలే ఎక్కువగా కరిగిపోతాయి. ఫిల్ములో చూసి గుండె జారిపోయేది వాటినే.

ఇన్ని తెలిసీ స్కాన్ చీట్లు ఎందుకిలా తెగుతున్నాయి? ఒక కారణం రోగులమే. ఏమీ రాయకుండా "రోజూ నడవండి, తగ్గిపోతుంది" అన్న డాక్టరుకు చేతకాదని మనమే తీర్మానిస్తాం. రెండో కారణం డబ్బు. 2017 చివర్లో బెంగళూరులో కొన్ని డయాగ్నస్టిక్ ల్యాబుల మీద ఆదాయపు పన్ను శాఖ దాడులు చేసింది. రోగిని పంపిన డాక్టరుకు ఎమ్మారైకి 35 శాతం, సీటీకి, రక్తపరీక్షలకు 20 శాతం కమిషన్ ముడుతోందని ఆ శాఖే ప్రకటించింది. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం ఈ కమిషన్ నిషిద్ధం. అందరు డాక్టర్లూ తీసుకుంటున్నారని నేననను. కానీ ఆరెంపీ నుంచి కార్పొరేట్ దాకా ఈ దారి ఉందని తెలిసినప్పుడు "డాక్టరుగారు రాశారు కాబట్టి అవసరమే అయ్యుంటుంది" అని ఊరుకోవడం అమాయకత్వం. ఇన్సూరెన్స్ ఉంది కదా, రెండ్రోజులు అడ్మిట్ అయి తీయించుకుందాం అనేవాళ్ళకు ఇంకో చేదు నిజం. కేవలం పరీక్షల కోసం చేరితే ఖర్చు చెల్లించబోమన్న మినహాయింపు మన దేశపు ఆరోగ్య పాలసీల్లో మామూలుగా ఉంటుంది. బిల్లు కట్టాక తెలుస్తుంది.

ఇక్కడ ఒక తెలివైన ఎదురు ప్రశ్న వస్తుంది. "స్కాన్ వద్దనేది డబ్బు మిగుల్చుకోవాలనుకునే పాశ్చాత్య ప్రభుత్వాల, ఇన్సూరెన్స్ కంపెనీల ఎత్తుగడ. మనకు సాయంత్రం వెళ్తే రాత్రికి రిపోర్టు వస్తుంది. ఉన్న సౌకర్యం వాడుకుంటే తప్పేమిటి?" అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ అనుభవం బాగా తెలుసు. నడుం నొప్పి అంటే అక్కడి ఇన్సూరెన్సు ముందు ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకు రమ్మంటుంది. ఒళ్ళు మండి, సెలవుల్లో హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక్క పూటలో తీయించుకుని వెళ్తారు, గెలిచినట్టు. కంపెనీల ఉద్దేశాలు పవిత్రమైనవని నేనూ నమ్మను. కానీ ఆ ఆరు వారాల గడువు వెనక కంపెనీ లెక్క ఒక్కటే లేదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పి ఎక్కువమందికి ఆ గడువులోపే చాలావరకు తగ్గుముఖం పడుతుంది. కంపెనీకి పైసా సంబంధం లేని లాన్సెట్ లెక్కలూ, కోయంబత్తూరు సర్జన్లూ చూపిస్తున్నదీ అటువైపే. సులువుగా దొరుకుతుందన్నది వాడటానికి కారణం కాదు. సులువుగా దొరికేవాటిలో స్టెరాయిడ్లు కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరిది. "వెయ్యిమందిలో ఒకరికి క్యాన్సరో క్షయో ఉంటే? ఆ ఒక్కరూ మా నాన్నే అయితే?" దీనికి జవాబు అందరికీ స్కాన్ తీయడం కాదు, ఆ ఒక్కరినీ పోల్చుకోవడం. పోల్చుకోవడానికి గుర్తులున్నాయి. మూత్రం రాక బిగుసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలం ఆపుకోలేకపోవడం, మర్మాంగాల చుట్టూ, అంటే జీను మీద కూర్చుంటే ఆనే చోటంతా మొద్దుబారడం. వీటిలో ఏదున్నా రేపటి దాకా ఆగకూడదు, ఆ రాత్రికే ఎమ్మారై ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నరాల పాయలన్నీ అణిగిపోయిన ఆ స్థితిలో గంటలు లెక్క. రోజురోజుకీ పాదం బలం తగ్గి ఈడుస్తూ నడవడం కూడా ఆగే విషయం కాదు. నడుస్తుంటే చెప్పు కాల్లోంచి జారిపోయినా తెలియకపోవడం, చేతుల్లో పట్టు తప్పి బొత్తాలు పెట్టుకోలేకపోవడం వెన్నుపామే నలుగుతోందన్న సూచనలు. చాలామంది వీటిని "వయసైపోయింది" అని వదిలేస్తారు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, గతంలో క్యాన్సర్ వైద్యం, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు, పెద్ద దెబ్బ తగలడం. వీటిలో ఏదైనా ఉంటే నేనింతసేపూ చెప్పిందంతా పక్కనపెట్టి స్కాన్ అడగండి, డాక్టరు రాయకపోయినా అడగండి.

మన దేశంలో ఈ జాబితాలో క్షయను పైన పెట్టాలి. పూసల్లో క్షయ మెల్లగా తింటుంది. నెలల తరబడి నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు పడుతూనే ఉంటాయి, సాయంత్రపు జ్వరం లెక్కలోకి రాదు, చివరికి వీపు మీద గూని లేచాక గుర్తిస్తారు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ సంగతి వేరు. ఫ్లోరైడ్ ముదిరితే వెన్నుపూసల చుట్టూ కొత్త ఎముక పేరుకుని, వెన్నుపాము ఉండే దారి ఇరుకై కాళ్ళు బిగుసుకుపోవచ్చు. అక్కడి రైతు నడక మారిందంటే దాన్ని మామూలు నడుం నొప్పి అనుకోకూడదు. స్కాన్ అక్కర్లేని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఏడాదికి రెండుసార్లు, అవసరమైన ఈ రైతుకు కాళ్ళు పడిపోయాక. తీస్తే తేలిపోతుందనే నమ్మకానికి అసలు మూల్యం చెల్లిస్తున్నది ఆ రైతే.

అయితే ఈ గుర్తులు ఎవరు చూడాలి? డాక్టరే, అదీ చేతుల్తో. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి ఎక్కడ లాగుతోందో అడగడం. మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేయించడం. మడమల మీద నిలబడలేకపోతే ఐదో నడుం నరం వైపు, మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కింద నరం వైపు అనుమానం పోతుంది. బొటనవేలిని కిందికి నొక్కుతూ పైకెత్తమనడం. మోకాలి కిందా, మడమ వెనకా చిన్న సుత్తితో తట్టడం. సూదిమొన తగిలిస్తే రెండు కాళ్ళలోనూ ఒకలాగే తెలుస్తోందా అని అడగడం. ఇదంతా పది నిమిషాల పని. ఇది జరిగాక స్కాన్ తీస్తే దానికి అర్థముంటుంది. కుడికాలి బొటనవేలు బలహీనపడిన మనిషి స్కాన్‌లో ఎల్4-ఎల్5 దగ్గర కుడివైపు డిస్కు ఊడి ఉంటే, అదుగో దొరికింది. అదే మనిషి స్కాన్‌లో ఎడమవైపు ఉబ్బుంటే దానికీ ఈ నొప్పికీ చుట్టరికం లేదు. ముందు చేతుల్తో చూడకపోతే రెంటికీ తేడా చెప్పేదెవరు? బల్ల మీద పడుకోమని కూడా అనకుండా ఎమ్మారై చీటీ చేతిలో పెడితే, "ముందొకసారి పరీక్ష చేసి చూడండి సార్" అనడానికి మొహమాటపడకండి. ఫీజు కట్టింది దానికే.

ఇన్ని చూసుకున్నాక కూడా స్కాన్ అవసరమే అయితే భయపడాల్సిందేమీ లేదు, దాచకూడనివి మాత్రం ఉన్నాయి. 1.5 టెస్లా యంత్రమంటే భూమి అయస్కాంత శక్తికి సుమారు ముప్పైవేల రెట్లు. ద్రవ హీలియంలో చల్లబరిచి ఉంచే ఆ అయస్కాంతం రాత్రి తలుపు మూసి వెళ్ళినా పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ జరగనప్పుడు కూడా. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో ఈ సంగతి పట్టించుకోకుండా ఆక్సిజన్ సిలిండరుతో గదిలోకి వెళ్ళిన రోగి బంధువు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. అందుకే తోడు వెళ్ళినవాళ్ళు కూడా టెక్నీషియన్ చెప్పేదాకా గడప దాటకూడదు. పేస్‌మేకర్, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు ఉంటే వాటి కార్డు తీసుకెళ్ళి ముందే చెప్పండి; కొన్ని కొత్త రకాలకు జాగ్రత్తలతో తీయొచ్చు, పాతవాటికి కుదరదు. గ్రైండింగ్, లేత్ పనులు చేసినవాళ్ళ కంట్లో ఎప్పుడో పడ్డ ఇనుప రజను ఉండొచ్చు, అది కూడా చెప్పాలి. పాత ఆపరేషన్‌లో వేసిన టైటానియం రాడ్లు సాధారణంగా ప్రమాదం కాదు, కాకపోతే చుట్టూ బొమ్మ చెదిరిపోతుంది. 3 టెస్లాలో ఇంకా ఎక్కువ చెదురుతుంది, కాబట్టి "మాది త్రీ టెస్లా" అన్న బోర్డు చూసి ఎగబడనక్కర్లేదు. పుస్తెలతాడు, మెట్టెలు, మొలతాడుకు కట్టిన తాయెత్తు, జడపిన్నులు ఇంట్లోనే తీసి వెళ్తే అక్కడ సబ్బునీళ్ళతో మెట్టెలు లాక్కునే అవస్థ తప్పుతుంది. చప్పుడు విపరీతం, చెవుల్లోకి దూది ఇస్తే చాలదు, ఇయర్ ప్లగ్గులో హెడ్‌ఫోన్లో అడగండి. ఇరుకంటే భయమున్నవాళ్ళు బల్ల ఎక్కాక కాదు, తేదీ తీసుకునేటప్పుడే చెప్పాలి.

కాంట్రాస్ట్ ఇంజెక్షన్ విషయంలో ఒక్క హెచ్చరిక. మామూలు డిస్కు చూడటానికి అది అక్కర్లేదు. ఇన్‌ఫెక్షన్, గడ్డ అనుమానమున్నప్పుడు, పాత ఆపరేషన్ మచ్చకూ కొత్త డిస్కు ముక్కకూ తేడా తేల్చాల్సినప్పుడు దానికి విలువుంది. అందులో ఉండేది గాడోలినియం. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో చర్మం, కీళ్ళు బిగుసుకుపోయే జబ్బుకూ దీనికీ సంబంధముందని 2006లో బయటపడింది. ఇప్పటి మందుల్లో ఆ ప్రమాదం బాగా తగ్గింది. అయినా షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూపించకుండా చేయి చాపకండి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా చెప్పాలి.

చివరగా ఆ చీటీ. ప్రతి ఎమ్మారై చీటీ మీదా రోగి లక్షణాలు రాయడానికి ఒక గీత ఉంటుంది. ఎక్కువసార్లు అది ఖాళీగా ఉంటుంది, లేదా "ఎల్‌బీఏ" అని మూడక్షరాలుంటాయి, నడుం నొప్పి అని అర్థం. చీకటి గదిలో రోజంతా ఫిల్ములు చదివే రేడియాలజిస్టుకు మన గురించి తెలిసేది ఆ గీతే. అది ఖాళీగా ఉంటే, ఏది ముఖ్యమో తెలియక, తర్వాత ఎవరూ తనను తప్పుపట్టకుండా కనబడిందల్లా రాస్తాడు. అందుకని లేచి వచ్చేముందు డాక్టరును ఒకటి అడగండి: "మీరు దేన్ని అనుమానిస్తున్నారో ఇక్కడ రాస్తారా? అది ఉంటే ఏం చేస్తారు, లేకపోతే ఏం చేస్తారు?" మంచి డాక్టరు నొచ్చుకోడు. "మూడు వారాలుగా కుడికాలి నొప్పి, బొటనవేలు బలహీనం, ఎల్5 నరం చూడగలరు" అని రెండు లైన్లు రాస్తాడు. ఉంటే ఇంజెక్షనా ఆపరేషనా ఆలోచిద్దాం, లేకపోతే ఫిజియోథెరపీ అంటాడు. ఉన్నా లేకపోయినా అవే మాత్రలు, అదే వ్యాయామం అని ఆయన అంటే, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకోండి. ఆరు వారాలు నడిచి, కాలు బలం తగ్గకుండా చూసుకుని, అప్పటికీ తగ్గకపోతే అదే చీటీతో మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళండి.